ముట్టు తేదీలు మొగుడికీ తెలియాలి

మా పిన్ని కూతురు రాజాం దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. మొదటి కాన్పు అయి నాలుగు నెలలు దాటింది, ఆడపిల్ల. మొన్న అక్కనైన నాకు ఫోన్ చేసింది. "అప్పా, ఆ మూడు నెలల సూది ఏయించుకోమని ఏఎన్ఎం అంటన్నాది. మా అత్తేమో అవన్నీ ఒద్దు, రెండోది కూడా తొందరగా కనీసి ఆపరేసన్ సేయించీసుకో అంటన్నాది. ఫోన్లో ఒకావిడ సెప్తన్నాది, మాత్రలు సూదులు అన్నీ ఇసమంట, తేదీలు లెక్కెట్టుకుంటే సాలంట. ఏటి సెయ్యమంటావు?"

ఆ వీడియో నాకూ పంపింది. మొత్తం విన్నాను. చక్కగా మాట్లాడే మనిషి, వినసొంపైన గొంతు. హార్మోన్లు ఆడవాళ్ల ఒంటిని పాడుచేస్తున్నాయని, మన అమ్మమ్మలు ఏ మాత్రా మింగకుండా బతికారని, శరీరం చెప్పేది వింటే చాలని ఆమె మాటల సారాంశం. అందులో సగం నాకు నచ్చింది. చాలా ఏళ్లుగా నేనూ హార్మోన్లు లేకుండానే నెట్టుకొస్తున్నాను, ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. మిగతా సగం విన్నాక మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ వీడియోలో మొగుడనేవాడు ఎక్కడా లేడు. పిల్లలు పుట్టకుండా ఉండటం ఆడది ఒక్కతే కూర్చుని లెక్క వేసుకునే పని అన్నట్టు సాగిపోయింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సహజ పద్ధతి, అంటే గర్భం నిలిచే రోజులు గుర్తుపట్టి ఆ రోజుల్లో ఆగడం, మంచిదే, నేర్చుకోదగ్గదే. కానీ మగవాడు దాన్ని తెలుసుకుని, ఒప్పుకుని, ఆగగలిగిన ఇంట్లోనే అది మాత్రకో సూదికో బదులు అవుతుంది. అలా కాని ఇంట్లో పిల్లకి "తేదీలు చూసుకో చాలు" అని చెప్పడం ఆమెకు చేసే అన్యాయం.

మన దగ్గర మాత్ర మింగేదెవరు?

మాత్రల మీద జరుగుతున్న ఈ ప్రచారం చూస్తే మన ఊళ్లలో ఆడవాళ్లంతా మాత్రలు మింగేస్తున్నారనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే మన ఆంధ్రప్రదేశ్‌లో సంగతి వేరు. పిల్లలు పుట్టే వయసులో ఉన్న పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మాత్రలు వాడేవాళ్లు ఒక శాతం కూడా లేరు. కాపర్-టీ అంతే, కండోములూ అంతే. మగవాళ్ల ఆపరేషన్ కూడా ఒక శాతం లోపే.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఉన్నవాళ్లకి ఈ అంకెలు కొత్త కాదు. పద్దెనిమిదికో పంతొమ్మిదికో పెళ్లి, ఏడాదిలో కాన్పు, రెండేళ్లు తిరక్కుండా ఇంకోటి, పాతికేళ్ల లోపు ఆపరేషన్. మా చెల్లెలి అత్తగారు చెప్పింది ఆవిడ కనిపెట్టిన మాట కాదు, ఊరంతా నడుస్తున్న దారి. ఆ తొందరలో రక్తం పట్టకముందే రెండో గర్భం, బిడ్డ పాలు మానకముందే ఇంకో బిడ్డ. ఇద్దరి మధ్య మూడేళ్లు ఎడం పెట్టుకోవాలనుకునే పిల్లకి మాత్రా తెలియదు, సూదీ తెలియదు, తన ఒంటి లెక్కా తెలియదు.

కాబట్టి మన దగ్గర అసలు పోటీ మాత్రకీ సహజ పద్ధతికీ మధ్య లేదు. ఏదో ఒకటి తెలియడానికీ, ఏదీ తెలియకపోవడానికీ మధ్య ఉంది. అలాంటి చోట ఎవరూ వాడని మాత్రల మీద భయం పుట్టించి పోతే, ఆ అమ్మాయికి మిగిలేది అత్తగారు చూపించిన దారే.

సూది గురించి భయం ఉత్తినే రాలేదు

అలాగని భయపడేవాళ్లను నేను తీసిపారెయ్యను. మన తెలుగు నేల మీదే దానికి కారణం ఉంది. 1985లో హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందు పరీక్షలకి పల్లె ఆడవాళ్లను పోగుచేశారు. అది ఇంకా పరీక్షలో ఉన్న మందని వాళ్లకు తెలియదు. హైదరాబాద్ మహిళా సంఘం స్త్రీ శక్తి సంఘటన ఆ సంగతి బయటపెట్టి, ఢిల్లీలోని సహేలీ తదితర సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆడవాళ్లకి చెప్పకుండా ఒంట్లోకి మందు ఎక్కించడం గురించి అప్పుడు లేచిన ప్రశ్నలు ఇప్పటికీ న్యాయమైనవే.

ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో అంతరా పేరుతో ఉచితంగా ఇస్తున్నది వేరే మందు, డీఎంపీఏ. మూడు నెలలకి ఒకసారి. అది పనిచేస్తుంది, పాలిచ్చే తల్లులకి కాన్పయిన ఆరు వారాల తర్వాత ఇవ్వచ్చు. కానీ ముట్టు క్రమం తప్పుతుంది. మొదట్లో చుక్కలు చుక్కలుగా కనపడుతూనే ఉండొచ్చు, కొన్నాళ్లకి పూర్తిగా ఆగిపోవచ్చు. సూది మానేశాక మళ్లీ గర్భం నిలవడానికి ఎక్కువ నెలలు పడుతుంది. ఈ మూడు మాటలు ముందే కూర్చోబెట్టి చెబితే చాలామంది కంగారు పడరు. చెప్పకపోతే ఏమవుతుందో మా స్కూలున్న ఊళ్లో చూశాను. ముట్టు ఆగిపోయిన ఒకామె చెడు రక్తం కడుపులోనే ఉండిపోయి గడ్డ కడుతోందని బెంగపెట్టుకుని తిండి మానేసింది. మందు చేసిన హాని కన్నా ఎవరూ ఏమీ చెప్పకపోవడం వల్ల జరిగిన హాని అక్కడ ఎక్కువ.

మాత్రలదీ అదే కథ. మాలా-డి లాంటి మాత్రల్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉంటుంది. బీపీ ఎక్కువున్నవాళ్లు, చూపు చెదిరి మెరుపులు కనపడే మైగ్రేన్ ఉన్నవాళ్లు వాటిని వాడకూడదు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలల్లో అవి తగవు. మొదటి కాన్పు తర్వాత నాకు ఒక ప్రైవేటు క్లినిక్‌లో బీపీ చూడకుండానే చీటీ రాసిచ్చారు. తలనొప్పులు వస్తుంటే ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను, ఆవిడ ముందు బీపీ చూసి, తర్వాత ఆ మాత్రలు ఆపమన్నారు. నాకు ఇది చిన్న సంగతే. కానీ ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీ జబ్బులు ఎంత ఉన్నాయో మన జిల్లావాళ్లకి చెప్పక్కర్లేదు. కిడ్నీ జబ్బూ బీపీ చాలాసార్లు జంటగా ఉంటాయి. అక్కడ బీపీ చూడకుండా ఈ మాత్ర చేతిలో పెట్టడం నేరం కిందే లెక్క అని నేను అనుకుంటాను.

ఇంకో మాట. హార్మోన్లు వద్దనుకున్నంత మాత్రాన మిగిలేది తేదీల లెక్క ఒక్కటే కాదు. కాపర్-టీలో హార్మోన్ లేదు. ప్రభుత్వం ఛాయా పేరుతో ఇచ్చే వారం మాత్రలో ఉన్నది స్టెరాయిడ్ హార్మోన్ కాదు, మన లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు తయారుచేసిన మందు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులూ వాడొచ్చు. ఆ వీడియోలో ఆవిడ వీటి పేరే ఎత్తలేదు.

ఒంటి లెక్క

ఇప్పుడు నాకు నచ్చిన సగం గురించి. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను, అందుకని కొంచెం వివరంగా చెప్పకుండా ఉండలేను.

అండం విడుదలయ్యాక బతికేది 24 గంటల లోపే. వీర్యకణాలు మాత్రం ఆడదాని ఒంట్లో ఐదు రోజుల దాకా బతకగలవు. అంటే నెలలో గర్భం నిలిచే రోజులు దాదాపు ఆరే. ఆ ఆరు ఎప్పుడన్నదే చిక్కు. 1920ల్లో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ ఎవరికి వారే కనిపెట్టింది ఏమిటంటే, అండం విడుదలయ్యేది రాబోయే ముట్టుకి సుమారు రెండు వారాల ముందు అని. గడిచిన ముట్టు నుంచి కాదు, రాబోయే దాని నుంచి వెనక్కి లెక్క. 28 రోజులకి వచ్చేవాళ్లకి పద్నాలుగో రోజు. 24 రోజులకే వచ్చేవాళ్లకి పదో రోజు, అంటే ముట్టు ఆగీ ఆగగానే ప్రమాదం మొదలు. 35 రోజులకి వచ్చేవాళ్లకి ఇరవై ఒకటో రోజు. రాబోయే ముట్టు ఎప్పుడో ముందుగా ఎవరికి తెలుసు? అందుకే కేవలం తేదీల లెక్క నమ్మదగ్గది కాదు.

ఒంటి గుర్తులు చూడటం దానికన్నా మెరుగు. పొద్దున్నే మంచం దిగకముందు నోట్లో థర్మామీటర్ పెట్టుకుంటే, అండం విడుదలయ్యాక 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరిగి అలాగే నిలబడుతుంది. ఆ రోజులకి ముందు నుంచి స్రావం మారుతుంది. పల్చగా, జారుగా, వేళ్ల మధ్య సాగేలా, గుడ్డు తెల్లసొనలా వస్తుంది. ఆస్ట్రేలియాకి చెందిన జాన్, ఎవెలిన్ బిల్లింగ్స్ దంపతులు ఈ స్రావం మీదే ఒక పద్ధతి తయారుచేశారు. రెండు గుర్తులూ కలిపి నియమంగా చూసుకుంటే ఫలితం చాలా బాగుంటుంది. జర్మనీలో 900 మంది ఆడవాళ్లను గమనించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, నియమాలు కచ్చితంగా పాటించి ఆ రోజుల్లో అసలు కలవనివాళ్లలో గర్భం ఏడాదికి నూటికి ఒకటి కూడా లేదు. ఆ ఫలితం మంచి మాత్రకి తీసిపోదు.

మన ఊళ్లలో ఈ పద్ధతికి మొదటి అడ్డంకి ఈ స్రావం దగ్గరే వస్తుంది. తెల్లగా ఏది కనపడినా తెల్లబట్ట జబ్బే అనుకుంటారు. వేడి చేసిందనీ, ఎముకలు కరిగిపోతున్నాయనీ భయపెడతారు. మా ఇంటి పక్కన ఒకామె నెలలో ఆ నాలుగు రోజులూ కనపడే స్రావానికి ఏళ్ల తరబడి ఆకు పసర్లు తాగింది, మందుల షాపులో ఏవేవో బిళ్లలు కొనుక్కుంది. నేను పాఠంలో బొమ్మ చూపించినట్టు కాగితం మీద గీసి చెబితే, "అయితే నాకు జబ్బు నేదా?" అని అడిగింది. దుర్వాసన, దురద, పసుపో ఆకుపచ్చో రంగు ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అవేవీ లేకుండా నెల మధ్యలో వచ్చి పోయేది ఆరోగ్యమే. గర్భనిరోధం మాట పక్కన పెట్టినా, ఈ ఒక్క సంగతి ప్రతి ఆడపిల్లకీ తెలియాలి.

రెండో అడ్డంకి పాత నమ్మకం. తలంటుకున్న రోజు నుంచి వారం పాటు ప్రమాదం, ఆ తర్వాత ఏమీ కాదు అని చాలామంది అనుకుంటారు. పన్నెండు, పదమూడు రోజులకి ధైర్యం వచ్చేస్తుంది. సరిగ్గా భయపడాల్సిన రోజులవి.

మన ఇళ్లలో ఉన్న ఎడం

"మన అమ్మమ్మలు మాత్రలు లేకుండానే బతికారు" అన్న మాటకి వస్తాను. బతికారు, పది పన్నెండు కాన్పులు మోసి కొందరు బతికారు, కొందరు పురిట్లోనే పోయారు. అయితే ఎడం కోసం మన కుటుంబాల్లో కొన్ని పద్ధతులు ఉన్న మాట నిజం. ఆషాఢంలో కొత్త పెళ్లికూతుర్ని పుట్టింటికి పంపేవాళ్లు. మండు వేసవిలో కాన్పు రాకుండా అని పెద్దలు చెప్పే కారణం. తొలి కాన్పుకి పుట్టింటికి తీసుకొచ్చి, బిడ్డకి మూడో నెలో ఐదో నెలో వచ్చాకే పంపేవాళ్లు. బిడ్డకి రెండేళ్లు వచ్చేదాకా పాలు.

వీటన్నిటిలో నాకు కనపడేది ఒకటుంది. ఆగే బాధ్యతని ఒంటరిగా ఆ పిల్ల మీద పెట్టలేదు. పెద్దవాళ్లు మధ్యలో నిలబడి, అల్లుడికి చెప్పి, ఇల్లు మార్చి ఆపారు. "వద్దు" అనే మాట ఆమె నోటితో అనక్కర్లేకుండా చేశారు. అది గొప్ప ఏర్పాటని నేననను, ఆమె ఇష్టాన్ని అప్పుడూ ఎవరూ అడగలేదు. కానీ ఇప్పుడు ఆ ఏర్పాట్లు చాలావరకూ పోయాయి. సిజేరియన్ కుట్లు ఆరీ ఆరకముందే అత్తారింటికి వెళ్లిపోవాల్సిన పిల్లలు ఉన్నారు. ఇద్దరే ఉండే అద్దె ఇంట్లో ఆ "వద్దు" ఆమే అనాలి.

పాలివ్వడం గురించి కూడా ఒక మాట. బిడ్డకి ఆరు నెలల లోపు, తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకుండా, రాత్రీ పగలూ ఇస్తూ, ముట్టు తిరిగి రాకుండా ఉంటే, ఆ కాలంలో గర్భం రాకుండా నూటికి 98 మందికి రక్షణ ఉంటుందని 1988లో ఇటలీలోని బెల్లాజియోలో నిపుణులు తేల్చారు. మూడు షరతులూ ఒకేసారి ఉండాలి. మా చెల్లెల్ని అడిగాను, పాలు తప్ప ఇంకేమన్నా పెడుతున్నారా అని. గ్రైప్ వాటర్ పడుతున్నారు, అత్తగారు అప్పుడప్పుడు తేనె నాకిస్తారు, ఆడపిల్ల కాబట్టి ఐదో నెలలోనే అన్నప్రాశనకి ముహూర్తం పెట్టుకున్నారు. తేనె ఏడాది నిండేదాకా బిడ్డకి పెట్టనే కూడదు, అది వేరే ప్రమాదం. అన్నప్రాశన అయిన దగ్గర్నుంచి మాత్రం పాల వల్ల వచ్చే ఆ రక్షణని లెక్కలోకి తీసుకోకూడదు. ముట్టు ఇంకా రాలేదు కదా అని ధీమాగా ఉండకూడదు, ఎందుకంటే అండం ముందు విడుదలవుతుంది, ముట్టు తర్వాత వస్తుంది.

పూసల దండ నాటి సంగతి

సహజ పద్ధతి మన దేశానికి కొత్త కాదు. 1935 డిసెంబరులో గర్భనిరోధం కోసం పోరాడిన అమెరికా మహిళ మార్గరెట్ శాంగర్ వార్ధాకి వచ్చి గాంధీగారితో వాదించినప్పుడు ఆయన గర్భనిరోధక సాధనాలకి ఒప్పుకోలేదు, కానీ ప్రమాదం లేని రోజుల్లో కలిసే పద్ధతిలో కాస్త నిగ్రహం ఉంది కాబట్టి దాన్ని అంతగా కాదనలేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్‌దీ అదే ధోరణి. 1952లో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలైన రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో అబ్రహాం స్టోన్ అనే వైద్యుడు వచ్చి, ఢిల్లీ లోడీ కాలనీలో, మైసూరు రాష్ట్రంలోని రామనగరంలో ఈ పద్ధతి నేర్పించే ప్రయోగం పెట్టించాడు. ఆడవాళ్లకి రంగు పూసల దండలిచ్చారు. రోజుకో పూస జరపాలి, ఒక రంగు వస్తే కలవచ్చు, ఇంకో రంగు వస్తే ఆగాలి. నేర్చుకుంటామన్నవాళ్లు చాలామంది, చివరిదాకా పాటించినవాళ్లు తక్కువ.

అర్ధ శతాబ్దం గడిచాక అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం అదే ఆలోచనని సరిదిద్ది మళ్లీ తెచ్చింది. 32 పూసల దండ, మన దేశంలో మాలా చక్ర అన్నారు. 26 నుంచి 32 రోజుల మధ్య ముట్టు వచ్చేవాళ్లకే పనికొస్తుంది, ఎనిమిదో రోజు నుంచి పంతొమ్మిదో రోజు దాకా ఆగాలి. సరిగ్గా పాటిస్తే ఏడాదికి నూటికి ఐదుగురికి, మామూలుగా జనం పాటించే తీరులో పన్నెండుగురికి గర్భం వస్తుంది.

"మీరు చదువుకున్నారు కాబట్టి చేయగలరు, కూలికి వెళ్లే మనిషికి ఇవన్నీ ఎక్కడ?" అని మా స్టాఫ్ రూంలో ఒకరు అన్నారు. నేను ఒప్పుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1970ల చివర్లో బిల్లింగ్స్ పద్ధతిని ఐదు చోట్ల పరీక్షించింది. ఆక్లాండ్, డబ్లిన్, మనీలా, ఎల్ సాల్వడార్‌లోని శాన్ మిగుయెల్, మన బెంగళూరు. చదువు అంతగా లేని ఆడవాళ్లు కూడా అందులో ఉన్నారు, వాళ్లలో అత్యధికులు మొదటి నెలలోనే స్రావాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నారు. నియమం తప్పకుండా పాటించినా గర్భం వచ్చినవాళ్లు ఏడాదికి నూటికి ముగ్గురు. కానీ మొత్తం మీద చూస్తే నూటికి ఇరవై మందికి పైగా గర్భవతులయ్యారు. ఆ తేడా ఎక్కడిది? ఎక్కువ భాగం, ఇవి గర్భం వచ్చే రోజులని తెలిసీ కలిసిన జంటలది.

నా వాదనంతా ఈ ఒక్క ఫలితం మీద నిలబడుతుంది. ఆడవాళ్లకి రోజులు గుర్తుపట్టడం వచ్చింది. రాత్రి ఆగడం దగ్గర పద్ధతి తప్పింది. మాత్ర కూడా మరిచిపోయేవాళ్ల వల్ల ఏడాదికి నూటికి ఏడుగురి దగ్గర తప్పుతుంది. అయితే మాత్ర మరిచిపోవడం ఒకరి మతిమరుపు. ఇక్కడ తప్పడానికి ఇద్దరు కావాలి, చాలాసార్లు ఇద్దరిలో ఒకరి మాటే చెల్లుతుంది.

మరిదితో మాట

చెల్లెలికి జవాబు చెప్పేముందు మరిదితో మాట్లాడాలనుకున్నాను. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల పనిలో టైల్స్ వేస్తాడు. రెండు మూడు నెలలకోసారి నాలుగు రోజులు, సంక్రాంతికి పది రోజులు ఇంటికొస్తాడు. మంచివాడు, తాగడు, పిల్లంటే ప్రాణం. విషయం ఎత్తగానే, "వదినా, అయ్యన్నీ ఆడోళ్ల ఇసయాలు గదా, మీరూ మీరూ సూసుకోండి" అన్నాడు. సిగ్గుపడ్డాడు తప్ప పొగరుగా అనలేదు. నేను వదల్లేదు. నువ్వొచ్చే నాలుగు రోజులు సరిగ్గా ఆగాల్సిన రోజులైతే ఏం చేస్తావని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "ఆగడం కట్టమే వదినా" అన్నాడు.

ఆ నిజాయితీకి నేను అతన్ని మెచ్చుకున్నాను. మన రెండు జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు ఎన్నో. మగవాళ్లు హైదరాబాద్, చెన్నై పనులకి పోతారు. తీరంలో జాలర్లు గుజరాత్ వేరావల్ దాకా పోయి నెలల తరబడి బోట్ల మీద ఉంటారు. వాళ్లు ఇంటికొచ్చే రోజులు పండగని బట్టో, మేస్త్రీ ఇచ్చిన సెలవుని బట్టో ఉంటాయి, భార్య ఒంటి లెక్కని బట్టి ఉండవు. ఎన్నో నెలల తర్వాత వచ్చిన మనిషికి "ఈ పది రోజులూ కాదు" అని చెప్పమనడం ఎంత కష్టమో ఆ పద్ధతి గొప్పతనం చెప్పేవాళ్లు ఎప్పుడన్నా ఆలోచించారా? నెలంతా రోజూ మాత్ర మింగడం కూడా అలాంటి ఆవిడకి అనవసరం అనిపిస్తుంది. అలాంటి ఇంటికి కండోమో, కాపర్-టీయో, ఛాయానో సరిపోతుంది.

పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లకి, ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీ నర్సులకి పొద్దుటి ఉష్ణోగ్రత లెక్క తిన్నగా రాదు. పీసీఓడీ అనే అండాశయాల సమస్య వల్ల రెండు మూడు నెలలకోసారి ముట్టు వచ్చే పిల్లలకి కూడా కష్టం. ఇంక కొట్టే మొగుడున్న ఇంటి గురించి చెప్పాలి.

ఎవరికీ కనపడని సూది

మా స్కూల్లో చదివి వెళ్లిన ఒక అమ్మాయి పెళ్లయ్యాక ఇద్దరు పిల్లలతో తిరిగి కలిసింది. మొగుడు తాగి వస్తాడు, ఏ రాత్రీ ఆమెని అడగడు. కండోం మాటెత్తితే "ఎవడితో తిరుగుతున్నావు" అంటాడు. మాత్రలు దాచిపెడితే దొరికిపోయాయి. చివరికి అంతరా సూది వేయించుకుంటోంది. ఆరోగ్య కేంద్రానికి పిల్లల టీకా కోసం వెళ్లిన రోజే తనకీ వేయించుకుని వస్తుంది. ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ అమ్మాయికి "హార్మోన్లు విషం" అని చెప్పగలిగే ధైర్యం నాకు లేదు. ఎవరికీ ఉండకూడదు. ఆమె బతుకులో ఆమె చేతిలో ఉన్నది ఆ ఒక్క సూదే. సహజ పద్ధతిని దాచుకుని పాటించలేం. మొగుడితో మాట్లాడే వీలున్న చోటే అది నడుస్తుంది. అది దాని గొప్పతనం, దాని పరిమితి కూడా. తప్పినప్పుడు భరించేది ఎవరో కూడా చూడాలి. మందుల షాపులో చీటీ లేకుండా గర్భం పోయే బిళ్లలు కొనుక్కుని, ఇంట్లో దాక్కుని, రక్తం పోయి నీరసించిన వాళ్లను మనందరం చూసే ఉంటాం. గర్భనిరోధం విఫలమైతే గర్భం తీయించుకునే హక్కు చట్టంలో ఉంది, ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు పర్యవేక్షణలో చేయించుకోవచ్చు. ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ, తెలిసినా వెళ్లడానికి సిగ్గు.

ఇన్ని చెప్పాక మరి నువ్వెందుకు వాడుతున్నావు అని అడగొచ్చు. మా ఇంట్లో అది నడుస్తోంది కాబట్టి. గోడ మీది కేలెండర్‌లో గీతలు పెట్టేది నేను, చూసుకునేది మా ఆయన కూడా. అనుమానం ఉన్న రోజుల్లో కండోం వాడతాం. ఆ రోజుల్లో మా భద్రత కండోం ఎంత గట్టిదో అంతే అని మాకు తెలుసు. పద్ధతి తప్పి మూడో గర్భం వచ్చినా తట్టుకునే స్థోమత, డాక్టరు దగ్గరికి వెళ్లే స్వేచ్ఛ నాకున్నాయి. ఏళ్ల తరబడి ఇలా ఉండటం వల్ల మా ఇద్దరి మధ్య మాట పెరిగింది. ఒంట్లో బాగోకపోయినా, మనసు బాగోకపోయినా ఆయనకి ముందే తెలుస్తుంది. ఈ పద్ధతి మీద నాకున్న ఇష్టం అక్కడి నుంచి వచ్చింది. అందుకే దాన్ని మాత్రల మీద కోపంతో కాకుండా, ఇద్దరికీ నేర్పే పనిగా జనంలోకి తీసుకెళ్లాలని అంటున్నాను.

మా చెల్లెలు ప్రస్తుతానికి ఛాయా తెచ్చుకుంది, అన్నప్రాశనకి ముందే మొదలుపెట్టింది. ఒంటి గుర్తులు కూడా రాసుకోవడం నేర్చుకుంటోంది. మరిది ఫోన్లో తేదీ పెట్టుకుంటున్నాడట. అత్తగారు నా మీద కొంచెం కోపంగా ఉన్నారు.

మగవాళ్లకి ఎక్కడ చెప్పాలి?

ఊళ్లో ఆరోగ్య దినం రోజు అంగన్‌వాడీ దగ్గర ఉండేది ఆడవాళ్లే. ఆశా కార్యకర్త మాట్లాడేది కోడలితో, అత్తగారితో. గర్భిణి కార్డులో తండ్రి పేరు రాస్తారు తప్ప తండ్రిని కూర్చోబెట్టి ఒక్క మాట చెప్పరు. కాన్పుకి ఆసుపత్రి వరండాలో గంటల తరబడి నిలబడే ఆ కుర్రాళ్లకి అప్పుడు ఒక అరగంట చెబితే వింటారని నా నమ్మకం. భయంతో, ప్రేమతో ఉన్న సమయం అది.

స్కూల్లో నేను చేయగలిగింది చేస్తున్నాను. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వస్తుంది. కొన్ని చోట్ల "మీరే చదువుకోండి" అని వదిలేస్తారు, లేదా ఆడపిల్లల్ని వేరే గదిలో కూర్చోబెట్టి చెబుతారు. నేను అందరికీ కలిపే చెబుతాను. ఒకసారి ఒక కుర్రాడు లేచి, "మేడం, మా అమ్మ కేలెండర్ మీద చుక్కలు పెడతాది, అదేనా ఇది?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. అవును అదే, మీ అమ్మ తన ఆరోగ్యం లెక్క రాసుకుంటున్నారు అని చెప్పాను, నవ్వు ఆగింది. అప్పటి నుంచి బోర్డు మీద 24, 28, 35 రోజుల లెక్కలు మగపిల్లల చేత కూడా వేయిస్తున్నాను. ఒక తండ్రి వచ్చి ఇవన్నీ పిల్లలకెందుకని గొడవపడ్డారు. పాఠ్యపుస్తకం తెరిచి చూపించి, కూర్చోమని మొత్తం పాఠం ఆయనకీ చెప్పాను. వెళ్లేటప్పుడు ఆయన అడిగిన ప్రశ్న, మా ఇంటిదానికి 40 రోజులకొస్తాది, అది జబ్బా అని.

సంక్రాంతికి వలస వెళ్లినవాళ్లంతా ఊళ్లో ఉంటారు. మా పీహెచ్‌సీ డాక్టరుగారు ఒక సాయంత్రం వస్తానన్నారు, బీపీ మిషను కూడా తెస్తారు. మగవాళ్లను పోగుచేయడం మా వంతు. స్కూల్లో పెడితే రారని, రామకోవెల అరుగు మీదైతే వస్తారని ఊరి పెద్దలు అంటున్నారు. కోవెల దగ్గర ఈ మాటలేంటని ఒకరిద్దరు అభ్యంతరం చెబుతున్నారు, వాళ్లతో ఇంకా మాట్లాడాలి.